ఇత్తడి చుక్క

నేను ఒక పుల్లీని.

ట్రాక్టరు ముందు నిలబడి చూస్తే నేను కనబడేదాన్ని కాదు. రేడియేటరు కింద, ముందు ఇరుసుకు కాస్త పైన, ఇంజను క్రాంకు చివర, పిడికిలి పట్టేంత సందులో ఉండేదాన్ని. నా చుట్టూ ఫ్యాను బెల్టు కోసం ఒక గాడి. నడుమ క్రాంకు ముక్కు దూరే రంధ్రం. ముఖం మీద మూడు బోల్టు బెజ్జాలు. వాటిలో ఒకదాని పక్కన, చిటికెన వేలి మందాన, ఒక ఇత్తడి చుక్క.

చూసినవాళ్ళు దాన్ని అలంకారం అనుకుంటారు. కాదు. అది తప్పు. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన తప్పు.

నేను పుట్టింది పాత ఇనుము కరిగించే చిన్న ఫౌండ్రీలో. కరగకముందు నేను ఒకటి కాదు. బియ్యం మిల్లు పళ్ళచక్రం, కుట్టుమిషను కాలిపలక, బావి గిలక, అరిగిపోయిన తూకపు రాళ్ళు. అన్నీ కలిసి ఎర్రటి నీళ్ళయ్యాయి. అందుకే నాకు అప్పుడప్పుడూ నాది కాని జ్ఞాపకం వస్తుంది. తడి తాడు నా మీద జారుతున్నట్టు. ఎవరో ఆడమనిషి కాలు నన్ను తొక్కుతున్నట్టు. ఆ కాలు ఎవరిదో, ఆ బావి ఏ ఊళ్ళోదో నాకు తెలియదు. తెలియనివాటి మీద బెంగ పెట్టుకోవడం ఇనుముకూ ఉంటుందని అలా తెలిసింది.

ఇసుక అచ్చులోంచి తీసేసరికి మాడిన రొట్టెలా ఉన్నాను. గుండ్రంగానే ఉన్నానని నమ్మకం. ఆ నమ్మకం నా ఒక్కదానికే.

దస్తగిరి లేత్ మిషను షెడ్డు హైవే పక్కన ఉండేది. సముద్రం అక్కడికి పన్నెండు మైళ్ళు. రేకుల కప్పు, ఒక కిటికీ, ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను, ఇద్దరు మనుషులు. ఆయన, ఆయన భార్య మాబున్నీ. దస్తగిరికి రెండు కళ్ళకూ శుక్లాలు. ఆపరేషన్ మాట ఎత్తితే "ఈ పనొకటి తెమిలినాక" అనేవాడు. లేత్ షెడ్డులో పని ఎప్పుడూ తెమలదు కాబట్టి ఆ మాటతో ఏళ్ళు గడిచాయి. ఆయన చేతులు కోసేవి, ఆమె కళ్ళు కొలిచేవి. వర్నియర్ పెట్టి అంకె పైకి చదివేది. ఆయన తలాడించి పిడి తిప్పేవాడు.

నన్ను లేత్ చక్కులో బిగించి మొదటిసారి తిప్పిన రోజు ఆయన సుద్దముక్క తీసి నా అంచుకు దూరంగా పట్టుకున్నాడు. మెల్లగా దగ్గరికి తెచ్చాడు. సుద్ద ఒకచోటే తగిలింది.

"ఏడ తగిలింది?" అన్నాడు.

"ఒక్క పక్కే. జానెడు గీత. మిగతాదంతా నల్లగానే ఉండాది," అంది మాబున్నీ.

"ఆ పక్క పొంగినాది. ఇంకా గుండ్రం కాలా ఈ బిడ్డ."

అదీ నాకు తెలిసిన మొదటి నిజం. గుండ్రం కానిదానికి సుద్ద ఒకచోటే తగులుతుంది. గుండ్రమైనదానికి గీత చుట్టూ తిరిగి, మొదలైన చోటే వచ్చి కలుస్తుంది. రెండు రోజులు నన్ను కోశాడు. ప్రతి కోతకూ మిషను ఆపి, బొటనవేలు నా అంచు మీద పెట్టి చుట్టూ నడిపేవాడు. నూనె వాసన, బీడీ వాసన కలిసిన గరుకు బొటనవేలు. ఆ వేలి కింద నేను నున్నబడ్డాను. ఇంతవరకూ ఎన్ని చేతులు పట్టుకున్నాయో నన్ను, ఆ వేలిని మరిపించింది ఒక్కటీ లేదు.

నన్ను చేయించుకున్నవాడి పేరు మాల్యాద్రి. ఉప్పు కొఠారుల మనిషి. సముద్రపు పాయ ఒడ్డున, చదునైన మళ్ళలో ఉప్పునీళ్ళు ఎండబెట్టి, తేలిన ఉప్పును గట్టు మీద కుప్ప పోస్తారు అక్కడ. ఆ కుప్పల్ని లారీలోకి ఎక్కించడం ఆడవాళ్ళ పని. తల మీద చుట్టకుదురు, దాని మీద తట్ట, తట్టలో నీళ్ళు కారే ఉప్పు. ఏటవాలు పలక మీద ఎక్కి లారీలో కుమ్మరించి, దిగి, మళ్ళీ ఎక్కాలి. మాల్యాద్రి భార్య వజ్రమ్మ పదకొండేళ్ళు ఆ పలక ఎక్కింది.

నన్ను చేయించుకునే ముందటి వేసవిలో ఒకరోజు పలక మధ్యలో ఆమె మెడ పట్టేసింది. తట్ట జారింది. ఆమె పలక మీద కూలబడింది. మాల్యాద్రి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి ముందుగా కింద బురదలో పడ్డ ఉప్పు వంక చూశాడు. "తట్టెడు ఉప్పు పారబోస్తివే!" అన్నాడు.

ఒక్క చూపు. ఒక్క మాట. మరుక్షణం నాలుక కరుచుకున్నాడట. ఆలస్యమైపోయింది.

వజ్రమ్మ ఏడవలేదు, అరవలేదు. చుట్టకుదురు తీసి పలక మీద పెట్టింది. "నీకు తట్ట మోసే మనిషి కావాల. పెళ్ళాం గాదు. తట్టతో పన్లేని రోజు వస్తే కబురు చెయ్యి, వస్తా," అని పుట్టింటికి వెళ్ళిపోయింది. అక్కడ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనిలో చేరింది.

ఈ సంగతంతా నాకు మాల్యాద్రే చెప్పాడు. అంటే నాకని కాదు. నన్ను కోస్తున్నంతసేపూ షెడ్డులో తలుపు దగ్గర ఉండే దస్తగిరి స్టూలు మీద కూర్చుని ఆయనకు చెప్పాడు. మిషను చప్పుడులో మనిషి నిజాలు బాగా చెబుతాడు, తన మాట తనకే వినపడదు కాబట్టి.

అతను ఒక పాత ట్రాక్టరు సంపాదించాడు. దానికి ముందు బకెట్టు లోడరు ఉంది. బకెట్టును లేపే హైడ్రాలిక్ పంపు కూడా ఉంది. పంపును తిప్పే పుల్లీయే పగిలిపోయింది. ట్రాక్టరుకు సొంతంగా ఉన్న నూనె ఒత్తిడి నాగలి ఎత్తడానికి చాలుతుంది గానీ తడి ఉప్పు నిండిన బకెట్టుకు చాలదు. అందుకే వేరే పంపు, ఇంజను ముందు. క్రాంకు చివర నేను, నా ముఖానికి ఒక ఇనుప బిళ్ళ, బిళ్ళకు ఒక కడ్డీ, కడ్డీ చివర పంపు. ఇంజను తిరిగితే నేను తిరుగుతాను. నేను తిరిగితే పంపు తిరుగుతుంది. పంపు తిరిగితే నూనె పరుగెత్తి బకెట్టును లేపుతుంది. బకెట్టు లేస్తే వజ్రమ్మ తట్ట దిగుతుంది. ఆ ఇంటి కాపురం నా మూడు బోల్టుల మీద నిలబడి ఉంది. ఇంత భారం నా మీద పెట్టినట్టు నాకెవరూ చెప్పలేదు.

చిక్కు ఆ ఇనుప బిళ్ళ దగ్గర వచ్చింది. దాని మూడు బెజ్జాలూ సమాన దూరంలో లేవు. మునుపటి యజమాని ఎవరో చేతి అందాజాతో కొట్టించినవి. నా ముఖం మీద బెజ్జాలు సరిగ్గా వాటికి ఎదురు పడాలి. బిళ్ళను పంపు నుంచి ఊడదీసి తీసుకొస్తే సరిపోయేది. తుప్పు పట్టి అది రాలేదు. అందుకని మెకానిక్కు కాగితం మీద దాని నమూనా తీశాడు.

ఆ మెకానిక్కు సింగయ్య, వజ్రమ్మ తమ్ముడు. బావ మీద కోపం ఉంది, బావ ట్రాక్టరు మీద ఇష్టం ఉంది. రెండోది గెలిచింది.

"మందపాటి కాయితం ఏదన్నా ఉందా బా?" అని అడిగాడట.

మాల్యాద్రి ట్రాక్టరు పనిముట్ల పెట్టెలోంచి ఒక అట్ట తీశాడు. పన్నెండేళ్ళ కిందటి తన శుభలేఖ. పెళ్ళికి మిగిలిన కట్ట. మా లోకంలో మిగిలిపోయిన శుభలేఖలకు మంచి గిరాకీ ఉంది. నూనె పీల్చదు, త్వరగా చిరగదు, గాస్కెట్టుకు భేషుగ్గా పనికొస్తుంది. మనుషులు పెళ్ళి పిలుపును ఇంజను సందుల్లో పెట్టి బోల్టులు బిగిస్తారు. అది ఊడకుండా ఉంటుందని వాళ్ళ నమ్మకం.

సింగయ్య పేర్లు అచ్చైన వైపు బిళ్ళకు ఆనించి, వెనక తెల్లవైపు గ్రీజు వేలితో రుద్దాడు. బెజ్జాల గుర్తులు నల్లగా తేలాయి. మూడింటి మధ్యా మేకుతో పొడిచి, మరుసటి రోజు షెడ్డుకు తెచ్చి మాబున్నీ చేతిలో పెట్టాడు.

"మాబక్కా, అచ్చు పక్క పైకి రావాల. తెల్ల పక్క పుల్లీకి అంటుకోవాల. యాద్ పెట్టుకో."

"నాకు చెప్తన్నావా? నువ్వు నిక్కరేసుకున్నప్పటి నించీ చదవతన్నా నేను వర్నియరు."

"నేను నిక్కరేసుకున్నప్పుడు మీ షెడ్డే లేదు గదక్కా."

"పోరా, సింగన్నా!"

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

దస్తగిరి నన్ను బల్ల మీద పెట్టాడు. మాబున్నీ శుభలేఖను నా ముఖం మీద పరిచింది. అచ్చు పైకి. గుర్తు పొడిచే ఉక్కు పంచ్ అందుకుంది. సుత్తి అందుకుంది. మొదటి చుక్క దగ్గర ఆగింది.

ఆమె ఎందుకు ఆగిందో నాకు తెలుసు. నేను కాగితం కింద ఉన్నాను. ఉక్కు మొన ఆని మళ్ళీ పైకి లేవడం నాకు తెలిసింది. మేకు పొడిచిన ఆ చుక్క సరిగ్గా 'చి.ల.సౌ. వజ్రమ్మ' అన్న పేరు నడుమ ఉంది. పక్కన పసుపు మరక ఇంకా చెరగలేదు.

"కొట్టు," అన్నాడు దస్తగిరి. ఆయనకు పేరు కనబడదు.

"కొడతన్నా అజీ."

ఆమె కొట్టలేదు. మొగుడి మాటకు ఇల్లు విడిచి పోయిన ఆడమనిషి. ఆమె పేరు మీద ఉక్కు మొన పెట్టి సుత్తితో కొట్టడమా? పేరుకు తగిలితే మనిషికి తగలదా? చప్పుడు కాకుండా కాగితం తిరగేసింది. ఇప్పుడు పైన తెల్ల కాగితం. అవే మూడు చుక్కలు. పేరు లేదు. తృప్తిగా మూడు దెబ్బలు వేసింది.

అద్దంలో మనిషి కుడిచెయ్యి ఎత్తితే ఎడమచెయ్యి లేచినట్టు నా బెజ్జాలు తిరగబడ్డాయి.

దస్తగిరి గుర్తుల మీద డ్రిల్లు దించాడు. అయ్యాక బొటనవేలితో తడిమి చూశాడు. "బావుంది," అన్నాడు. బొటనవేలికి గుండ్రం తెలుస్తుంది. కుడి ఎడమలు తెలియవు.

ఆదివారం పొద్దున్నే నన్ను ఉప్పు కొఠారుకు తీసుకెళ్ళారు. అదే మొదటిసారి నేను ఆ తెలుపును చూడడం. కుప్పల మీద ఎండ పడి కళ్ళు చెదిరేలా ఉంది. గాలిలోనే ఉప్పు. నాకు ఒళ్ళంతా సన్నగా దురద. ఇనుము తన చావును ముందే వాసన పడుతుంది.

పది గంటల బస్సుకు వజ్రమ్మ వస్తోంది. మాల్యాద్రి ముందురోజే కబురు పంపేశాడు: తట్టతో పన్లేదు, వచ్చి నీ కళ్ళతో చూసుకో అని. తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ట్రాక్టరు కింద పడుకోవాల్సిన రోజు తెల్లచొక్కా వేసుకునే మనిషి బుద్ధి ఎక్కడుందో వేరే చెప్పాలా?

సింగయ్య నన్ను క్రాంకు ముక్కుకు ఎక్కించాడు. జారకుండా పట్టే కీ సరిగ్గా కూర్చుంది. నడిమి బోల్టు బిగిసింది. ఫ్యాను బెల్టు ఎక్కింది. ఇనుప బిళ్ళను నా ముఖానికి ఆనించాడు. మొదటి బోల్టు దూరింది. రెండోది దూరింది. మూడోది దూరలేదు.

తిప్పి చూశాడు. అప్పుడూ రెండే. మూడో బెజ్జం వేలెడు పక్కకు ఉంది.

"బా, తేడా కొట్టింది. సాయిబు షెడ్డుకి పోవాల్సిందే."

"ఇయ్యాల ఆదివారం. షెడ్డు మూసుంటది."

"రేపు పోదాం."

మాల్యాద్రి రోడ్డు వంక చూశాడు. దూరంగా బస్సు హారను. "రెండు బోల్టులు పట్టినయ్ గదా. వాటితోనే కానియ్."

"ఊడిందంటే కడ్డీ కొరడా మాదిరి తిరుగుద్ది బా. రబ్బరు పైపు తెగిందంటే బకెట్టు నిలబడదు. మా యక్క ఎట్టాగూ వస్తంది, రేపు చూపిస్తే ఏం పోయింది?"

"రేపు చూపిస్తానంటే ఆమె ఈ గట్టు మీద కూసుంటదనుకున్నావా? అదే బస్సెక్కి పోద్ది. ఒక్క బకెట్టేరా. ఆమె కళ్ళబడిందాకా. ఆపైన నువ్వేం చెప్తే అది."

సింగయ్య తల గోక్కున్నాడు. అక్క మొహం గుర్తొచ్చిందో, బావ తెల్లచొక్కా చూసి జాలి కలిగిందో. రెండు బోల్టులూ బలంగా బిగించాడు.

అలా కోరిక రెండు బోల్టుల మీద నడిచింది.

వజ్రమ్మ వచ్చింది. పొట్టిమనిషి. మెడ ఒక పక్కకు పూర్తిగా తిరగదు, అందుకని భుజాలతో సహా తిరిగి చూస్తుంది. మొగుడిని పలకరించలేదు. బకెట్టు దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగి చూసింది.

"ఎన్ని తట్టలు పడతయ్ ఇందులో?"

"పదైదు," అన్నాడు మాల్యాద్రి.

"నాకు ఒక పూట మెడనొప్పి." కాస్త దూరం జరిగి నిలబడింది. "ఏదీ, ఎత్తు చూద్దాం."

ఇంజను అందుకుంది. నేను తిరిగాను.

మొదటి చుట్టులోనే నాకు తెలిసిపోయింది. ఒక పక్క ఖాళీ బెజ్జం, ఇంకో పక్క రెండు బోల్టుల బరువు. దస్తగిరి రెండు రోజులు కోసి తెచ్చిన గుండ్రం వట్టిపోయింది. నేను వణికాను. బకెట్టు కుప్పలోకి దూరింది, ఉప్పు నింపుకుంది, లేచింది. నడుము ఎత్తు, తల ఎత్తు, లారీ ఎత్తు. తెల్లటి ఉప్పునీళ్ళు బకెట్టు అంచు నుంచి సన్నగా కారుతున్నాయి. గట్టు మీద ఆడవాళ్ళు ఈలలు వేశారు. వజ్రమ్మ ముఖంలో ఏదో మారింది. పదకొండేళ్ళు తన తల మీద ఉన్నది గాలిలో నిలబడి ఉంటే చూడాలనిపించిందేమో, రెండడుగులు ముందుకు వేసింది. చెయ్యెత్తి, కారే నీళ్ళ కింద అరచెయ్యి పట్టింది.

ఆగు తల్లీ అనడానికి నాకు నోరు లేదు.

ఒక బోల్టు తెగింది. రెండోది ఒంటరిగా అర చుట్టు మోసింది. అదీ తెగింది. బిళ్ళ నన్ను వదిలేసింది. కడ్డీ ఎగిరి రబ్బరు పైపును కొట్టింది. వేడి నూనె చిమ్మింది. పదిహేను తట్టల ఉప్పు ఆకాశం నుంచి దిగింది.

బకెట్టు ఆమెకు జానెడు ముందు నేలను గుద్దింది. ఉప్పు పొర్లి ఆమెను మోకాళ్ళ దాకా ముంచేసింది.

ఒక క్షణం ఎవరూ కదల్లేదు. నేనొక్కదాన్నే ఏ బరువూ లేకుండా, సిగ్గుమాలిన వేగంతో తిరుగుతూనే ఉన్నాను.

"ఉప్పంతా నేలపాలు బా!" సింగయ్య నోట అలవాటుగా వచ్చిన మాట.

"ఉప్పు మొకం చూస్తావేందిరా? మీ యక్క కాళ్ళు చూడు!"

మాల్యాద్రి సీటు మీంచి ఎప్పుడు దూకాడో తెలియదు. ఉప్పులోకి మోకాళ్ళ మీద పడి, రెండు చేతులతో తోడుతున్నాడు. తెల్లచొక్కా నూనెతో నల్లబడింది. ఒక కాలు తీశాడు. పాదం తడిమాడు. రెండో కాలు తీశాడు. "నొప్పుందా? కాలేళ్ళు కదిలించు వజ్రా. కదిలించవే!"

వజ్రమ్మ కాలివేళ్ళు కదిలించింది. కిందికి వంగి అతన్ని చూసింది. అతను ఇంకా ఆమె పాదాలే చూస్తున్నాడు. చుట్టూ చిందిన ఉప్పు మీద అతని చూపు ఒక్కసారి పడలేదు. ఆమె ఆ లెక్క చూసుకుంది. నాకు తెలుసు. నేను చూస్తున్నాను.

"తగల్లా," అంది. "ముందా ఇంజనాపయ్యా. ఊరికే అరుస్తంది."

సాయంత్రం బస్సుకు ఆమె వెళ్ళలేదు.

మర్నాడు ముగ్గురూ దస్తగిరి షెడ్డుకు వచ్చారు. నేను వజ్రమ్మ ఒళ్ళో, గోనెగుడ్డలో. గుమ్మంలోంచే మాల్యాద్రి కేకలు మొదలుపెట్టాడు.

"సాయిబన్నా, కళ్ళు కనబడకపోతే షెడ్డు మూసుకో! నా పెళ్ళాం చచ్చిపోయేది నిన్న."

దస్తగిరి లేత్ పిడి వదిలేశాడు. చేతులు చాపాడు. నన్ను అందుకుని మూడు బెజ్జాలూ తడిమాడు. బిళ్ళను కోసి తెచ్చాడు సింగయ్య ఈసారి. దాన్నీ తడిమాడు. ఆయన ముఖం పాలిపోయింది. తన చేతుల వంక చూసుకున్నాడు, కనబడకపోయినా. "తప్పు నాదే మాల్యాద్రీ. ఇయ్యాల్టితో మూసేస్తా," అన్నాడు.

"ఆయన్ది గాదు." లేత్ వెనక నుంచి మాబున్నీ వచ్చింది. చేతిలో నూనె మరకల శుభలేఖ. "కాయితం తిరగేసింది నేను. అచ్చు పైకి పెట్టమని సింగన్న చెప్పినాడు. పెట్టినా. చుక్క పోయి పోయి ఈ పిల్ల పేరు మీద పడినాది. కొట్టబుద్ధి కాలా. తిప్పేసినా."

కాగితాన్ని వజ్రమ్మ ముందుకు చాపింది.

"పేరుకు దెబ్బ తగలకూడదని, మనిషికి తెచ్చినా," అంది మాబున్నీ. "సింగన్న తోడబుట్టినోడు, వాడేమో మేకుతో పొడిచేసినాడు. నా చెయ్యి రాలా తల్లీ."

వజ్రమ్మ కాగితం అందుకుంది. మధ్యలో చిల్లి పడ్డ తన పేరు చూసుకుంది. పక్కన మొగుడి పేరు చూసింది, దానికే చిల్లీ లేదు. తమ్ముడి వంక చూసింది.

"నాకు చదువు సరిగ్గా రాదక్కా," అన్నాడు సింగయ్య.

ముందు నవ్వింది వజ్రమ్మే. మెడ నొప్పి పుట్టేలా నవ్వింది. తర్వాత మాబున్నీ చెయ్యి పట్టుకుంది. "నా పేరు మీద దెబ్బెయ్యటానికి చెయ్యి రాని మనిషివి నువ్వొక్కదానివే కనపడ్డావక్కా నాకు. మళ్ళీ కొట్టు. ఈసారి అచ్చు పైకే పెట్టు. నేను పక్కనే ఉంటా. నాకేం కాదు."

మాల్యాద్రి తల వంచుకుని స్టూలు మీద కూర్చున్నాడు. దస్తగిరి మెల్లగా అడిగాడు, "మూసేయాల్నా షెడ్డు?"

"ఈ పనొకటి తెమలనీ అన్నా," అన్నాడు మాల్యాద్రి.

మాబున్నీ సరైన చోట పంచ్ పెట్టింది. పేరు నడుమ. వజ్రమ్మ కళ్ళు మూసుకోలేదు. దస్తగిరి కొత్త బెజ్జం తొలిచాడు. తప్పు బెజ్జాన్ని మాత్రం వదల్లేదు. "ఖాళీగా వదిలితే ఒక పక్క తేలికైపోద్ది. వణుకుద్ది. తప్పునైనా నింపాలబ్బా, దాచకూడదు," అంటూ పాత ఇత్తడి కడ్డీ ముక్కను కోసి, దిగగొట్టి, నా ముఖంతో సమంగా నున్న చేశాడు. ఇనుము పెట్టొచ్చు కదా అని సింగయ్య అడిగాడు. ఇనుమైతే ఎక్కడ తప్పు జరిగిందో ఇంకొకరికి తెలియదు అన్నాడాయన.

బిగించే రోజున ఆయన తానే కొఠారుకు వచ్చాడు, భార్య భుజం పట్టుకుని. మూడు బోల్టులూ పడ్డాయి. ఇంజను మెల్లగా తిరుగుతుండగా రేడియేటరు సందులోకి చెయ్యి పెట్టి సుద్దముక్క ఆనించాడు.

"గీత కలిసిందా?"

ఇంజను ఆపాక మాబున్నీ వంగి చూసింది. "చుట్టూ తిరిగొచ్చి కలిసింది అజీ."

ఆయన బొటనవేలు ఒకసారి నా ఇత్తడి చుక్క మీద ఆగింది. అదే ఆఖరిసారి అని అప్పుడు నాకు తెలియదు. తెలిసుంటే ఏం చేసేదాన్ని? వేడెక్కడం తప్ప నాకేం వచ్చు?

తొమ్మిది వేసవులు తిరిగాను. రెండో వేసవికి లివర్ల ముందు కూర్చున్నది వజ్రమ్మ. మొగుడి కన్నా మెత్తగా లేపేది బకెట్టును. లేపే ముందు ఎవరైనా దగ్గరున్నారేమోనని భుజాలతో సహా అటూ ఇటూ తిరిగి చూసేది. కొఠారులో తట్టలు మూలనబడ్డాయి. పలక ఎక్కే పని పోయిందని కొందరు తిట్టారు, మెడలు మిగిలాయని కొందరు దీవించారు. మనుషులకు ఒకే యంత్రం రెండు రకాలుగా కనబడుతుంది. మాకు మనుషులు ఒకేరకంగా కనబడతారు. అందరి చేతులూ వెచ్చగానే ఉంటాయి.

నేను మాత్రం ప్రతి సంవత్సరం ఉప్పు కొఠారు మూసే రోజుల కోసం ఎదురుచూసేదాన్ని. ఆ రోజుల్లో ట్రాక్టరు మరమ్మతుకు హైవే వైపు పోతుంది. షెడ్డు దగ్గర ఆగితే ఆ బొటనవేలు వస్తుంది. ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం వచ్చేది. ఒకసారి టైరు, ఒకసారి రేడియేటరు. పుల్లీ బాగా పని చేస్తుంటే ఎవరు ఊడదీస్తారు? బాగున్నవాళ్ళను ఎవరూ తడిమి చూడరు. దస్తగిరి నన్ను మరీ బాగా చేశాడు. ఆయన చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే.

ఉప్పు నా గాడిని తింది. అంచులు పొట్టు రాలాయి. తర్వాత కొఠారులే పోయాయి. మళ్ళలో రొయ్యల చెరువులు తవ్వారు. లోడరు అక్కర్లేకపోయింది. ట్రాక్టరును కొనుక్కున్నవాడు మామూలు పుల్లీ వేయించుకుని నన్ను ఊడదీసి మాల్యాద్రి వాకిట్లోనే పారేశాడు. పాత సామాన్ల బండివాడు వచ్చాడు. మాల్యాద్రి నన్ను అతని కాటాలో పెట్టబోతుంటే వజ్రమ్మ గట్టిగా లాక్కుంది.

"చుక్క ఉంది దీనికి, చూళ్ళా? బొట్టున్నదాన్ని తూకానికేస్తావా?"

ఆ రోజే ఆమెకు సంగతి తెలిసింది. దస్తగిరి పోయి నలభై రోజులు. ఫాతెహా ప్రార్థనకు రమ్మని మాబున్నీ కబురు చేసింది.

ఆమె షెడ్డుకు వచ్చింది. ఆఖరి కొఠారు ఉప్పు ఒక చిన్న మూట కట్టి తెచ్చింది. ఉప్పు చేతికివ్వకూడదు, తగాదాలొస్తాయంటారు. అందుకని మూటను కిటికీ గట్టు మీద పెట్టింది. నన్ను మాత్రం మాబున్నీ చేతికే ఇచ్చింది.

మాబున్నీ నన్ను రెండు చేతులతో పట్టుకుంది. బొటనవేలు నా అంచు మీద పెట్టి చుట్టూ నడిపింది. ఆయన లాగానే. కానీ ఆమె వేలు మెత్తన. పొట్టు రాలిన చోట్ల ఆగింది.

"గుండ్రం పోయినాదే," అంది.

"మనకు మాత్రం ఉందా అక్కా?" అంది వజ్రమ్మ.

లేత్ అమ్ముడుపోయింది. షెడ్డు ఉంది. మాబున్నీ ఇప్పుడు గాస్కెట్లు కోసి ఇస్తుంది. ఊళ్ళలో మిగిలిన శుభలేఖలన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. కత్తెర పెట్టే ముందు రెండు పేర్లూ ఉన్న ముక్కను జాగ్రత్తగా వేరు చేస్తుంది. ఆ ముక్కల్ని ఒక కట్టగా పెట్టి, ఎగిరిపోకుండా కిటికీలో నా కింద ఉంచింది. ఎవరెవరివో పేర్లు. చిరంజీవులు, సౌభాగ్యవతులు. ఎవరు కలిసున్నారో, ఎవరు ఏ బస్సెక్కి పోయారో నాకు తెలియదు. గాలి వస్తే కట్ట రెపరెపలాడుతుంది. నేను గట్టిగా కూర్చుంటాను.

నా నడిమి రంధ్రంలోంచి ఇప్పుడు ఆకాశం కనబడుతుంది. క్రాంకు ఉన్నప్పుడు కనబడేది కాదు. బావుంటుంది. అయినా నిండుగా ఉన్నప్పటి చీకటే నాకు కావాలి.

హైవే మీద లారీ పోయినప్పుడల్లా కిటికీ అదురుతుంది. ఆ అదురుకు నేను వెంట్రుకవాసి తిరుగుతాను. ఎవరూ గమనించరు. మాబున్నీ నన్ను పెట్టిన రోజు నా ఇత్తడి చుక్క గోడ వైపు ఉంది. ఈ నాలుగేళ్ళలో పావు చుట్టు తిరిగాను. ఇంకో నాలుగేళ్ళకు చుక్క తలుపు వైపు వస్తుంది.

ఆయన స్టూలు ఉండేది అటే.